మల్లి అంటే మళ్ళీ కాదు

శ్రీలంకలో క్యాండీ దాటి గంట కాలేదు, మా వ్యాను డ్రైవరు అద్దంలోంచి చూస్తూ "మల్లి!" అన్నాడు. "మళ్ళీ ఏంటన్నా, ఇప్పుడే కదా ఆపావు" అన్నాడు శీను. ఆయనకి అర్థం కాలేదు, మాకూ కాలేదు. నువరెళియా చేరేలోపు తేలిందేమిటంటే, సింహళంలో మల్లి అంటే తమ్ముడు. అన్నని అయ్యా అంటారు. అక్క మాత్రం అక్కే.

నలుగురం వెళ్ళాం. కారు మేమే నడుపుకుందామనుకున్నాం గానీ, మన లైసెన్సు ఒక్కటే ఉంటే శ్రీలంకలో చెల్లదు, అక్కడి పర్మిట్ కూడా తీసుకోవాలి. ఆ తిరుగుడు పడలేక డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకున్నాం. డబ్బు లెక్క మొదటి రెండు రోజులూ చంపేసింది. మేం వెళ్ళినప్పుడు మన రూపాయికి వాళ్ళవి మూడున్నర దాకా వచ్చేవి. అన్నం, పరిప్పు (మన పప్పే, కాకపోతే కొబ్బరిపాలు పోస్తారు), కొబ్బరి సంబల్ (పచ్చడి లాంటిది), చేప ముక్క. నలుగురికి బిల్లు నాలుగు వేల ఎనిమిది వందలు! గుండె ఆగినంత పనయింది. ఫోన్ తీసి భాగించుకున్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

క్యాండీ గురించి పెద్దగా చెప్పను. బుద్ధుడి దంతం ఉందనే దంతమందిరం చూశాం, విదేశీయుల టికెట్టు దగ్గర గొణుక్కున్నాం. మురళి మాత్రం అక్కడ కాసేపు ఆగిపోయాడు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, తర్వాత వేలూరుకి పంపేశారు. ఆయన పోయింది కూడా అక్కడే. మురళిది చిత్తూరు. "మా ఊరికి గంట దూరంలో చచ్చిపోయినాయన కోసం సముద్రం దాటి వచ్చామా" అన్నాడు.

అసలు కథ రంబొడ కనుమ ఎక్కేటప్పుడు మొదలైంది. ఒకటే మలుపులు, కింద కొత్మలె జలాశయం, పక్కన జలపాతం. ఫోటోల కోసం ఆపమని మేం అడగక ముందే వ్యాను తనే ఆగింది. బానెట్ కింద నుంచి ఆవిరి. ఇంజను బాగా వేడెక్కిపోయింది. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దని డ్రైవరు మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు. సన్నగా వాన. నాకు చిరాకు నెత్తికెక్కింది. సాయంత్రానికి హోటల్ చేరకపోతే గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామని అక్కడివాళ్ళు ఫోన్‌లో ముందే హెచ్చరించి ఉన్నారు.

రోడ్డు పైన తేయాకు తోటలోంచి ఒకావిడ దిగి వచ్చింది. తలకి తగిలించిన పట్టీ, వీపు మీద సంచి, నడుముకి చుట్టిన ప్లాస్టిక్ పట్టా. మురళికి తమిళం వచ్చు. నీళ్ళు కావాలని అడిగితే "రా తంబీ, మా లయం అదిగో" అంది. నేను గుర్రాల లాయం అనుకున్నాను. వెళ్ళి చూస్తే రేకుల కప్పు కింద వరసగా గదులు, ఒక్కో గది ముందు ఒక్కో అరుగు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కూలీలకి కట్టిన లైన్లు. ఆ లైనే వీళ్ళ నోట్లో లయం అయింది. తోట మేనేజరు వీళ్ళకి ఇప్పటికీ దొరే.

బిందెడు నీళ్ళిచ్చి, మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి టీ పెట్టింది. పాలు లేవు. చిన్న గ్లాసులో ఎర్రటి డికాషన్, అల్లం ముక్క. చక్కెర గ్లాసులో వేయలేదు, చెంచాడు తీసి నా అరచేతిలో పోసింది. ఏం చేయాలో తెలీక అలాగే పట్టుకుని కూర్చున్నాను. నాలుకతో అద్దుకుని ఒక గుక్క తాగాలట. చేయి జిగురైపోయింది గానీ, ఆ వానలో అంత కమ్మటి టీ నేను తాగలేదు. మంచి ఆకు ఓడలెక్కి పోతుందనీ, తమకి దక్కేది పొడేననీ ఆవిడే చెప్పింది. చూపుడు వేలు పక్కన నల్లటి గీతలు, ఆకు పసరువి. రోజుకి 18 కిలోలు కోయాలట, తగ్గితే సగం కూలే. 2021లో రోజు కూలి వాళ్ళ రూపాయల్లో వెయ్యి చేశారు, ఇప్పుడు ఇంకొంచెం పెరిగిందంది.

"ఇండియాలో ఏ ఊరు?" అని అడిగింది. చిత్తూరంటే తెలీదు. వాళ్ళ ముత్తాతది తిరుచ్చి పక్కన ఏదో ఊరట. ఏ ఊరని మురళి అడిగితే, "అమ్మకి తెలుసు, నేనే అడగలేదు" అంది. 1948లో, ఇండియా నుంచి వచ్చిన ఇలాంటి తోట తమిళులకి అక్కడి ప్రభుత్వం పౌరసత్వం లేకుండా చేసింది. 1964లో మన ప్రధాని శాస్త్రిగారూ, వాళ్ళ ప్రధాని సిరిమావో ఒప్పందం చేసుకుని, కొందరు ఇటు, కొందరు అటు అని పంచారు. ఆవిడ పెద్దమ్మ కుటుంబం అలా తలైమన్నార్‌లో ఓడెక్కి రామేశ్వరం వచ్చింది. మొదట్లో ఉత్తరాలొచ్చేవట.

డబ్బిస్తే తీసుకోలేదు. శీను పిల్లల కోసమని బిస్కెట్ పొట్లాలు అరుగు మీద పెట్టేశాడు.

నువరెళియాలో చలి, గ్రెగరీ సరస్సు, ఎర్ర ఇటుకల పోస్టాఫీసు. సరస్సు ఒడ్డున ఒక పెద్ద హోటల్లో కప్పు టీ తొమ్మిది వందలు. నలుగురికీ కలిపి దాదాపు ఆవిడ మూడు రోజుల కూలి. చక్కెర కాగితం పొట్లాల్లో ఇచ్చారు. ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు సీత ఎలియ గుడి దగ్గర అమ్మ వీడియో కాల్ చేసి "అశోకవనం ఏదిరా?" అంది. వాగూ, రాతి మీద హనుమంతుడి పాదాలంటూ చూపించే గుంటలూ, వెనక అడవీ చూపించాను. ఇంతేనా అన్నట్టు చూసి, దండం మాత్రం పెట్టుకుంది. ఎల్ల అనే ఊళ్ళో 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన మీద రైలు కోసం గంటన్నర నిలబడ్డాం, శీను రీల్ కోసం. ఆ రైలొచ్చేసరికి వాడి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

వచ్చేటప్పుడు ఒక ఫ్యాక్టరీలో అమ్మ కోసం అరకిలో టీ ఆకు కొన్నాను, ఖరీదైనదే. ఇంటికొచ్చాక, వేడినీళ్ళలో మూడు నిమిషాలు ఉంచితే చాలని చెప్పాను. అమ్మ వినకుండా పాలల్లో వేసి పది నిమిషాలు మరిగించి, గ్లాసు ఎత్తి వెలుగుకి పెట్టి చూసింది. "ఇంత డబ్బు పోశావా దీనికి? రంగే రాలేదు. మన పొడే నయం."