వాకర్ కొనేది ఒకరు, మోసేది ఇంకొకరు

నాకు కీళ్లవాతం చాలాకాలంగా ఉంది. వేళ్ల కణుపులు వాచిపోయి బొటనవేళ్లు సరిగా వంగవు. దానికోసం ఏళ్ల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు ఎముకల్ని లోలోపలే గుల్ల చేశాయి. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ అనే అంకె మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ వస్తే ఎముకలు గుల్లబారాయని లెక్క. నాది అంతకన్నా బాగా కిందికి ఉందని తుంటి విరిగాక చేసిన పరీక్షలో తేలింది. పడడం కూడా పెద్ద పడడమేమీ కాదు. తడి నేల మీద కాలు జారి పక్కకి ఒరిగాను, అంతే. తొడ ఎముక పైకొనలో, గుండ్రటి తలకి కాస్త కింద సన్నగా ఉండే చోట విరిగింది. ఆపరేషన్ చేసి స్క్రూలతో బిగించారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువేం లేదు. నడుము దిగువన మొద్దుబారేలా మత్తిచ్చారు, లేచేసరికి అయిపోయింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. "ఎముక అతుక్కునే దాకా ఈ కాలి మీద బరువు మోపొద్దు, వేళ్ల కొసలు నేలకి తగిలిస్తే చాలు" అన్నారు డాక్టర్‌గారు. ఒక కాలు పని మానేస్తే ఆ పని చేతులు చెయ్యాలి. నా చేతులు చూస్తే ఇలాంటివి. అందుకే వాకర్ ఎంచుకోవడం మా ఇంట్లో పెద్ద చర్చయిపోయింది.

మా ఆడపడుచు నాలుగు చక్రాలు, చిన్న సీటు, సైకిలుకి ఉన్నట్టు చేతి బ్రేకులు ఉన్నది చూసి ముచ్చటపడింది. "అలిసిపోతే దానిమీదే కూర్చోవచ్చు వదినా" అంది. మా అబ్బాయి ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ అన్నిటికన్నా తేలికైనది ఏదా అని వెతికాడు. ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు. కానీ ఇద్దరూ రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఆలోచించారు. మంచం అంచున కూర్చుని ఎలా లేవాలా అని చూస్తున్న నాకు మాత్రం లెక్క వేరేగా కనబడింది.

సీటున్నదాన్ని ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ఒక్క మాటతో తీసిపారేసింది. "అది మీకు ఇప్పుడు వద్దు ఆంటీ. మీరు చేతుల మీద బరువు వేసేసరికి అది ముందుకి దొర్లిపోతుంది." ఆ రకం రెండు కాళ్ల మీదా బరువు మోపగలిగి, ఆయాసం వల్లో తూలడం వల్లో ఎక్కువ దూరం నడవలేని వాళ్లకి. పైగా బ్రేకు నొక్కిపట్టాలంటే వేళ్లలో పట్టుండాలి.

చక్రాలే లేనిది గట్టిగా నిలబడుతుంది గానీ అడుగడుక్కీ ఎత్తి ముందుకి పెట్టాలి. మడిచే అల్యూమినియం వాకర్లు ఎక్కువగా 2.5 నుంచి 3.5 కిలోల మధ్య ఉంటాయి. స్టీలువి ఇంకా బరువు. మూడు కిలోలేగా అనిపిస్తుంది. నిజమే, ఒకసారి ఎత్తితే మూడు కిలోలే. మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా వెళ్లి రావాలంటే ఎన్నిసార్లు ఎత్తాలో లెక్కేసుకుంటే ఆ బరువు అసలు రూపం తెలుస్తుంది. రెండు రకాలూ నాతో పట్టించి చూసి ఆ అమ్మాయి ముందు రెండు చక్రాలు, వెనక రెండు రబ్బరు బుష్‌లు ఉన్నది ఖాయం చేసింది. ముందుకి తోస్తే చక్రాలు కదులుతాయి, చేతుల మీద బరువు వెయ్యగానే వెనక బుష్‌లు నేలని పట్టుకుంటాయి. చక్రాల వల్ల తూకంలో కాస్త ఎక్కువే అయినా, ఎత్తే పని లేకపోవడంతో నా మణికట్టుకి అదే తేలిక. మణికట్టు అసలు భారమే ఓపలేని వాళ్లకి ముంజేతులు ఆనించుకునే పలకలున్న వాకర్లు కూడా ఉంటాయని చెప్పింది. నాకు అంత అవసరం పడలేదు.

మడత సంగతి ఎవరూ పట్టించుకోరు. "మడుస్తుందా?" అని అడుగుతారు, అవునంటే సరే అనుకుంటారు. ఎవరు మడవాలన్నది కదా ప్రశ్న! మొదట తెప్పించినదానికి ముందు కడ్డీ కింద రెండు చిన్న బటన్లు ఉన్నాయి. ఒక్కోటి నొక్కితే ఒక్కో పక్క లోపలికి ముడుచుకుంటుంది. లోపల స్ప్రింగు ఎంత గట్టిదంటే, నా బొటనవేలు గోరు తెల్లబడిందే తప్ప బటన్ కదల్లేదు. మా ఆయన వచ్చి టకామని నొక్కి "ఇదిగో, ఎంత సులువో చూడు" అన్నారు. ఆయనకి సులువే. అది వాపసు ఇచ్చి, అరచేతి కింది భాగంతో అదిమితే ముడుచుకునే వెడల్పాటి మీట ఉన్నది తెప్పించాం. వేళ్లతో పనే లేదు. మడిస్తే నాలుగైదు అంగుళాల మందమే, కారులో ముందు సీటు వెనకాల పట్టేస్తుంది. క్లినిక్‌లో వరసగా కుర్చీలున్న చోట కూర్చున్నాక, వచ్చేపోయే వాళ్ల కాళ్లకి అడ్డం పడకుండా నేనే మడిచి పక్కన ఆనించుకునేదాన్ని. ఇంకొకరిని పిలవాల్సిన పని లేకపోవడం ఆ రోజుల్లో నాకు చాలా పెద్ద విషయం.

తెరిచేటప్పుడు మాత్రం రెండు వైపులా "టక్" మని వినబడాలి. వినబడకపోతే బరువు వెయ్యకూడదు. మరీ తేలికగా ఉందని తెప్పించిన ఒకదాన్ని తెరిచి పిడులు పట్టుకుని అటూ ఇటూ ఊపితే మడత కీళ్ల దగ్గర వదులుగా కదిలింది. దాన్నీ పంపేశాం. తేలిక కావాలి గానీ ఊగకూడదు. ఎంత బరువు మనిషిని మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది, అది కూడా చూసుకోవాలి.

ఎత్తు సరిచెయ్యడం ఫిజియోథెరపిస్ట్ చూపించింది. ఇంట్లో ఏ చెప్పులతో నడుస్తామో అవి వేసుకుని నిటారుగా నిలబడి, చేతులు వదులుగా కిందికి వేలాడెయ్యాలి. మణికట్టు మీద గీత ఎక్కడుందో పిడి అక్కడికి రావాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచెయ్యి 20, 30 డిగ్రీలు వంగుతుంది. ఎక్కువ ఎత్తైతే భుజాలు పైకి లేచి మెడ పట్టేస్తుంది, తక్కువైతే నడుము వంగుతుంది. వాకర్ కాళ్లకి ఉన్న చిల్లులు దాదాపు అంగుళం ఎడంగా ఉంటాయి. నాలుగు కాళ్లూ ఒకే చిల్లులో ఉన్నాయో లేదో, చిల్లులోంచి బుడిపె పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి.

బాత్రూమ్ తలుపు ఇంకో తంటా. టేపు పెట్టి కొలిస్తే వాకర్ చక్రాలు గుమ్మం పక్కలకి రాసుకునేలా తేలింది. తలుపు పూర్తిగా తెరిచినా ఆ చెక్క మందం కొంత దారి తినేస్తుంది కదా. మాదాంట్లో చక్రాల్ని ఊడదీసి కాళ్ల లోపలి వైపుకి బిగించే వీలుంది. అలా చేస్తే వెడల్పు తగ్గి సాఫీగా పట్టింది. ఈ వీలు చాలా మోడళ్లకి ఉంటుంది గానీ చెప్పేవాళ్లు తక్కువ. నేలమీది పట్టాలన్నీ తీసేశాం. ముందు కడ్డీకి గుడ్డ సంచి కట్టుకుని ఫోను, కళ్లజోడు వేసుకున్నాను. అందులో బరువైనవి వేస్తే వాకర్ ముందుకి తూలుతుంది.

వాకర్ ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. ఇది నోటికి వచ్చేదాకా పైకే అనుకుంటూ నడిచాను. కూర్చునేటప్పుడు కుర్చీ మన కాళ్ల వెనక తగిలేదాకా వెనక్కి వెళ్లి, చెయ్యి కుర్చీ చేతి మీద వేసి దిగాలి. లేచేటప్పుడు వాకర్‌ని పట్టుకుని లాగకూడదు, అది మన మీదకే వస్తుంది. ఈ చివరిది పాటించడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే లేవాలనగానే చెయ్యి దానంతటదే పిడి మీదికి పోతుంది.

ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంటోందని కనబడ్డాక సగం బరువు మోపమన్నారు, ఆ తర్వాత పూర్తిగా. ఈలోగా వెనక బుష్‌లు అరిగిపోయి లోపలి లోహం కనబడితే మార్చాం. ఎముకల కోసం ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ మొదలుపెట్టారు, దాంతోపాటు కాల్షియం, విటమిన్ డి. ఇప్పుడు ఇంట్లో చేతికర్రతో తిరుగుతున్నాను. కర్రని మంచి కాలి వైపు చేత్తో పట్టుకోవాలని అప్పుడే తెలిసింది. రాత్రిళ్లు లేవాల్సొస్తే మాత్రం ఇంకా వాకరే.

మొన్న పక్కింటావిడ వాళ్ల నాన్నగారి కోసం నా వాకర్ అడిగారు. ఆయన ఎముకలు బాగానే ఉన్నాయి, నాలుగడుగులేస్తే ఆయాసం వస్తుంది. "ఆయనకి ఇది కాదండీ, సీటున్న నాలుగు చక్రాలదే మేలు. ముందు బ్రేకు నొక్కిపట్టగలరో లేదో చూడండి" అన్నాను. అవి ఎక్కువగా 6 నుంచి 8 కిలోలు ఉంటాయి. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లేదీ, దాన్ని మడిచి కారు డిక్కీలోకి ఎత్తేదీ ఆవిడే. కాబట్టి కొనేముందు ఆవిడని కూడా ఒకసారి ఎత్తి చూసుకోమన్నాను.