ఇరవై మూడు నిమిషాల పాట నాకు ఎక్కిన వైనం

సైకడెలిక్ రాక్ (మత్తులో తేలుతున్నట్టు సాగే రాక్ సంగీతం) అంటే పడి చచ్చే ఫ్రెండ్ ఒకడున్నాడు నాకు. వాడు మొదటిసారి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండ్ వాళ్ళ డార్క్ స్టార్ పాట లైవ్ రికార్డింగ్ పెట్టినప్పుడు పది నిమిషాలు ఓపిక పట్టి, "పాట ఎప్పుడు మొదలవుద్ది రా?" అని అడిగేశా. వాడు నవ్వలేదు, తిట్టలేదు, "గిటార్‌ని వదిలెయ్, బేస్ వెనకాల వెళ్ళు" అన్నాడు (బేస్ అంటే లోతైన స్వరాలు పలికే గిటార్), అంతే. ఆ రోజు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ తర్వాత నాకు పనికొచ్చిన సలహా అదొక్కటే.

నేను చేసిన తప్పేంటంటే సింగిల్ (విడిగా ఒక్క పాటగా వచ్చిన రికార్డు) పక్కన పెట్టుకుని, దాంతో పోల్చి వినడం. అదే పాట 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు, 1969 ఫిబ్రవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ వెస్ట్ అనే హాల్లో వాయించి ఆల్బమ్‌లో పెట్టిందేమో 23 నిమిషాలు. మరి మిగతా ఇరవై నిమిషాలు సాగదీతే కదా అనుకునేవాణ్ణి. రాత్రి లైట్ తీసేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పడుకునేవాణ్ణి, మూడు రోజులు హాయిగా నిద్రపోయా, అబద్ధమెందుకు. నాలుగో రోజు మావాడి మాట గుర్తొచ్చి ఫిల్ లెష్ బేస్ ఒక్కటే పట్టుకున్నా. మామూలుగా బేస్ వాయించేవాళ్ళు డ్రమ్స్‌తో కలిసి కింద నుంచి పాటని మోస్తుంటారు కదా, ఈయనకి ఆ ఓపిక లేదు, జెర్రీ గార్సియా గిటార్ ఒక మాటంటే ఈయన ఎదురు మాటంటాడు, ఒక్కోసారి ముందే అనేసి గిటార్‌ని తన దారికి లాక్కుపోతాడు. అక్కణ్ణించి కూర్చుని నలుగురు మాట్లాడుకుంటుంటే పక్కన చేరి విన్నట్టే అనిపించింది, నిద్ర ఎగిరిపోయింది.

తర్వాత 1972 ఆగస్టు 27న ఒరెగాన్‌లోని వెనెటాలో వాయించిన డార్క్ స్టార్ విన్నా, అరగంట దాకా పోతుంది. అప్పటికి ఇద్దరు డ్రమ్మర్లలో మిక్కీ హార్ట్ వెళ్ళిపోయాడు, బిల్ క్రూట్జ్‌మన్ ఒక్కడే, అందుకే అనుకుంటా మలుపులు చురుగ్గా తిరుగుతాయి. నాకు ఇదే ఇష్టం, మావాడు ఒప్పుకోడు. 1971 అక్టోబర్‌లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంకో బ్యాండ్ ఇటలీలోని పాంపేయి శిథిలాల్లో వాయించిందాన్ని కూడా అందరూ ఆకాశానికెత్తుతారు, సౌండ్ అద్భుతమే, కానీ ఎదురుగా జనమే లేరు, నాకెందుకో పూర్తిగా ఎక్కలేదు.

ఇంక నిజంగా ఎదురుగా నిలబడి వినాలని ఓ చిన్న బ్యాండ్ షోకి వెళ్ళా. ఉత్సాహం కొద్దీ పోయిపోయి స్పీకర్ ముందు నిలబడ్డా, ఇయర్ ప్లగ్స్ లేవు. అరగంటకే చెవులు గింగిర్లెత్తాయి, రెండ్రోజులు కుయ్యిమంటూనే ఉన్నాయి, మీరు మాత్రం ఈ పని చెయ్యొద్దు. వెనక్కి జరిగి, వాయిద్యాల గొంతుల సౌండ్ కలిపే మిక్సర్ బల్ల పక్కకి చేరితే గానీ పాట వినపడలేదు, ఎందుకంటే సౌండ్ ఇంజనీర్ అక్కడ నిలబడే, తన చెవికి ఎలా వినపడుతుందో చూసుకుంటూ కలుపుతాడు. (గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళు 1974లో స్పీకర్లన్నీ గోడలాగా తమ వెనకే పేర్చుకున్నారు, జనం వినేదే వాళ్ళూ వినాలని. మైకుల్లోకి ఆ సౌండ్ దూరి కూత రాకుండా ఒక్కొక్కళ్ళకి రెండు మైకులు, ఒకదాని సౌండ్‌ని ఇంకోటి కొట్టేసేలా ఉల్టాగా కలిపి పెట్టి, ఒక్కదాంట్లోనే పాడేవాళ్ళు.)

మిక్సర్ పక్కనే ఒకమ్మాయి ప్రొజెక్టర్ మీద రెండు గాజు పళ్ళేల మధ్య నూనె, రంగునీళ్ళు పోసి బొటనవేలితో నొక్కుతోంది, నొక్కినప్పుడల్లా స్టేజి వెనక గోడ మీద ఎర్ర బుడగ చీలి రెండయ్యేది. 1960ల నాటి పద్ధతే, కంప్యూటర్ లేదు ఏమీ లేదు. ఈలోగా గిటారిస్ట్ మోకాళ్ళ మీద కూర్చుని డిలే పెడల్ (వాయించిందాన్ని కాస్త ఆగి మళ్ళీ మళ్ళీ వినిపించే పెట్టె) నాబ్ తిప్పుతున్నాడు, తిప్పేకొద్దీ ప్రతిధ్వని దగ్గర దగ్గరగా వస్తూ పైకెక్కి తనలో తనే పెరిగిపోయి చివరికి ఊళ పెడుతోంది. డ్రమ్మర్ తల ఎత్తలేదు, బీట్ మార్చలేదు. అప్పుడు బేస్ ఒకే స్వరం మీద ఆగింది. డ్రమ్మర్ తలెత్తి చూశాడు. ఇప్పుడు అందరూ కలిసి పాటలోకి దిగుతారు అనుకున్నా, రెండు సెకన్లకి అందరూ ఒక్కసారే దిగారు! ముందే తెలిసినందుకు ఒళ్ళు జలదరించింది, పక్కనున్న ముక్కూమొహం తెలియనివాడి భుజం పట్టేసుకున్నా.

మర్నాడు మళ్ళీ వెళ్ళా, ఈసారి ప్లగ్స్‌తో. అదే పాట, కానీ ఆ రోజు కలవలేదు, బేస్ ఆగిన చోట డ్రమ్మర్ ఇంకెటో పోయాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు, పాట అలా గాల్లోనే ఉండిపోయింది. బయటికి రాగానే మావాడికి ఫోన్ చేసి చెప్పా. అంతా విని, "ఏ నిమిషం దగ్గర తప్పారు?" అన్నాడు.

పద్నాలుగో నిమిషం దగ్గర.