బంగారు లోయ అనుకున్న చోట పీచ్ తోటలు

ఫీనిక్స్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ సెడోనా, గ్రాండ్ క్యానియన్ చూసి రావడం అలవాటైపోయింది కనుక, ఈ జూన్‌లో మాత్రం ఛిన్లీ వెళ్లి తీరాలని పట్టుబట్టాను. ఆ ఊరి పక్కనున్న లోయలో ఒక రాతి స్తంభం ఉంది. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో గుంటూరులో ఉదయం ఆటకు వెళ్లి 'మెకన్నాస్ గోల్డ్' అనే హాలీవుడ్ కౌబాయ్ సినిమా చూసినవాణ్ణి. సూర్యోదయం వేళ ఆ స్తంభం నీడ సాగి సాగి బంగారు లోయకు దారి చూపించే దృశ్యం ఇన్నేళ్లూ నా కళ్లలోనే ఉంది. అప్పట్లో సంభాషణలు సగమే అర్థమయ్యేవి; గుర్రాలు, దుమ్ము, కొండలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు'తో ఆ టోపీ, తుపాకీ, గుర్రం మనవే అయిపోయాయి. ఈ సినిమాలన్నీ చూసి, అమెరికా పడమటి దేశం మనుషులు లేని బయలు అనీ, ఎవరు ముందు చేరితే వారిదే ఆ నేల అనీ నేను నిజంగా నమ్మాను.

ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా ఐ-40 పట్టుకుని, చాంబర్స్ దగ్గర ఉత్తరానికి తిరిగి, గనాడో దాటి ఛిన్లీ చేరేసరికి చీకటి పడింది. మోటెల్ గదికి రాత్రికి 200 డాలర్ల పైమాటే. ఆ ధరకు ఫీనిక్స్‌లో ఎంతో మంచి గది వచ్చేది. మర్నాడు తొమ్మిది గంటలకు లోయలోకి వెళ్లే జీపు. పావు తక్కువ తొమ్మిదికి చేరితే, జీపు వెళ్లిపోయి ముప్పావు గంట అయిందన్నారు. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారాలను గంట ముందుకు మార్చదు. అదే రాష్ట్రంలో ఉన్న నవాహో దేశం, అంటే నవాహో అనే ఆదివాసీల స్వపరిపాలన ప్రాంతం, మారుస్తుంది. మా అబ్బాయి చేతి గడియారం ఫీనిక్స్ సమయమే చూపిస్తోంది. ముందుగా కట్టిన డబ్బు తిరిగి రాదనీ, మధ్యాహ్నం జీపులో చోటుంటే ఎక్కించుకుంటామనీ చెప్పారు. మనిషికి దాదాపు వంద డాలర్లు కట్టి, ఎండలో నాలుగు గంటలు కాచుకోవలసి రావడం నాకు చాలా కష్టంగా తోచింది. ఈ సమయం సంగతి బుక్ చేసినప్పుడే ఒక్క మాట చెప్పి ఉండవచ్చు.

ఆ నాలుగు గంటల్లో ఒక భోజనం దొరికింది. రోడ్డు పక్కన డేరా కింద ఒక పెద్దావిడ, ఆమె మనుమరాలు మటన్ పులుసు, వేయించిన రొట్టె అమ్ముతున్నారు. ఆవిడ పిండి ముద్దను పీటా కర్రా లేకుండా రెండు అరచేతుల మధ్య తట్టుతూ, తిప్పుతూ, సాగదీస్తూ పళ్లెమంత చేసి, మధ్యలో వేలితో చిన్న చిల్లు పెట్టి నూనెలోకి జార్చింది. క్షణంలో అది బుడగలు బుడగలుగా పొంగింది. మా అమ్మ పండుగ పూట వేసే పూరీ వాసన అక్కడ, ఆ ఎర్ర దుమ్ములో, అంత స్పష్టంగా రావడంతో నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. బాగుందని చెబితే ఆవిడ నవ్వింది కానీ, మనుమరాలు మాత్రం ఇది మా వంట కాదండీ అంది. ఆ మాటకు అర్థం మధ్యాహ్నం జీపు నడిపినాయన చెప్పేదాకా నాకు తెలియలేదు.

లోయ పేరు క్యానియన్ డి షే. ఇంగ్లిషు అక్షరాలను చూసి నేను దాన్ని ఇంతకాలం 'చెల్లి' అని చదువుకున్నాను. నవాహోలు ఈ చోటును 'త్సేయి' అంటారు. రాళ్ల లోపల అని అర్థం. స్పెయిన్ వాళ్ల చెవికి అది మరోలా వినపడి, చివరికి ఇలా స్థిరపడింది. ఇది 1931 నుంచి జాతీయ స్మారకమే అయినా నేల మాత్రం నవాహోలదే, ఇప్పటికీ లోయ అడుగున కుటుంబాలు సేద్యం చేస్తున్నాయి. అందుకే వాళ్ల మనిషి తోడు లేకుండా లోపలికి వెళ్లనివ్వరు. ఎర్రటి గోడల మధ్య ఇసుక వాగులో జీపు ఊగుతూ పోతుంటే, అరవై దాటిన మా మార్గదర్శి ఒక మలుపులో ఇంజను ఆపి, నాలుగు పాత చెట్లు చూపించి "ఇవి పీచ్ చెట్లు. మా వాళ్లు వీటిని లెక్కపెట్టుకుంటారు" అన్నారు.

తరవాత ఆయన చెప్పినదీ, ఇంటికి వచ్చాక నేను చదివినదీ కలిపి రాస్తున్నాను. 1848లో మెక్సికో ఓడిపోయి ఈ భూభాగమంతా అమెరికా చేతికి వచ్చింది. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి, అయిదేళ్లు సాగు చేసుకున్నవారికి 160 ఎకరాలు ఇస్తామంది. అదే ఏడు న్యూ మెక్సికో సైన్యాధిపతిగా వచ్చిన జనరల్ కార్ల్‌టన్, నవాహోల నేలలో బంగారం ఉందని నమ్మాడు. నేను సినిమాలో చూసిన కలనే ఒక సైన్యాధికారి నిజంగా కన్నాడని తెలిసినప్పుడు నా మనసు కలుక్కుమంది. ఆయన పంపినవాడు కిట్ కార్సన్. బతికి ఉండగానే చవక నవలల్లో వీరుడైపోయిన మనిషి. తరవాతి కాలపు కౌబాయ్ కథానాయకుల వంశవృక్షంలో ఆయన పేరు మొదట్లోనే ఉంటుంది. ఆ వీరుడి సేనలు యుద్ధం కన్నా ఎక్కువగా చేసిన పని మొక్కజొన్న చేలు తగలబెట్టడం, గొర్రెలను తోలుకుపోవడం. 1864 జనవరి మంచులో ఈ లోయను రెండు కొసల నుంచీ చొచ్చుకు వచ్చారు. ఆ వేసవిలో మళ్లీ వచ్చి వేలాది పీచ్ చెట్లను నరికేశారు.

ఆకలితో లొంగిపోయిన జనాన్ని మూడు వందల మైళ్లకు పైగా నడిపించి, న్యూ మెక్సికోలో పీకోస్ నది ఒడ్డున బోస్కె రెడొండో శిబిరంలో పెట్టారు. దాన్నే లాంగ్ వాక్ అంటారు. ఆ నది నీళ్లు ఉప్పన. పంటకు పురుగు పట్టింది. ఎనిమిది వేలకు పైబడిన ఆ జనంలో రెండు వేల మందికి పైగా చనిపోయారని చెబుతారు. రేషనుగా ఇచ్చిన తెల్ల పిండి, కొవ్వు, ఉప్పు తప్ప మరేమీ లేని చోట పుట్టినదే నేను పొద్దున్న తిన్న రొట్టె. మనుమరాలి మాట అప్పుడు అర్థమైంది.

ఈ లోయలోనే డెల్ మ్యూర్టో అనే పాయలో నిట్టనిలువుగా లేచిన ఒక కొండ దగ్గర ఆయన మళ్లీ ఆగారు. సైన్యం వచ్చిన ఆ చలికాలం మూడు వందల మంది నవాహోలు ఈ కొండ నెత్తిమీద దాక్కున్నారట. కింద సైనికులు గుడారాలు వేసుకుని కాపలా ఉంటే, పైన నీళ్లు అయిపోయాయి. వెన్నెల రాత్రి ఒకరి వెంట ఒకరు రాతి మెట్ల మీద వరుసగా నిలబడి, యక్కా అనే ఎడారి మొక్క నార తాళ్లకు సొరకాయ బుర్రలు కట్టి, నిద్రపోతున్న కాపలావాళ్ల పక్కనే వాగులో ముంచి, చేతి నుంచి చేతికి పైకి అందించుకున్నారు. "మా అమ్మమ్మకు వాళ్ల అమ్మమ్మ చెప్పింది. బుర్ర రాయికి తగిలి చప్పుడు కాకూడదని దాన్ని గుడ్డలో చుట్టారట" అన్నారాయన. ఆ గుడ్డ దగ్గర ఆయన గొంతు తగ్గింది. నాకు ఏ సినిమాలోనూ ఇంత ఉత్కంఠ కలగలేదు.

కృష్ణ ఒడ్డున ఉన్న మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. ఆమె పోయేదాకా ఇంటి గురించి ఒక్కసారీ చెప్పలేదు; పెరటి చింతచెట్టు గురించే చెప్పేది. పీచ్ చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టే మనుషుల గురించి ఆయన చెబుతుంటే నాకు ఆమె గుర్తుకు వచ్చింది.

నవాహోలు తిరిగి వచ్చారన్నది ఈ కథలో నేను ఎన్నడూ ఊహించని భాగం. 1868లో అమెరికా తరఫున సంధి మాట్లాడడానికి వచ్చిన జనరల్ షెర్మన్ వాళ్లను ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి పంపుదామనుకున్నాడు. ఈ లోయలోనే పుట్టిన బార్బొన్‌సీతో అనే నాయకుడు ససేమిరా అన్నాడు, మా నేల తప్ప మరో నేల మాకు వద్దన్నాడు. జూన్ 1న సంధి కుదిరింది. 15,000 గొర్రెలు, మేకలు ఇస్తామని అందులో రాశారు. నడిచి వెళ్లినవాళ్లలో మిగిలినవాళ్లు నడిచే తిరిగి వచ్చారు, మళ్లీ పీచ్ గింజలు నాటారు.

మర్నాడు నవాహో సమయానికే లేచి, దక్షిణపు అంచు రోడ్డు చివర ఉన్న స్పైడర్ రాక్ దగ్గరికి తెల్లవారకముందే వెళ్లాం. 700 అడుగులు దాటిన ఆ స్తంభం సినిమాలో కన్నా ఒంటరిగా ఉంది. దాని కొసన సాలీడు స్త్రీ నివసిస్తుందనీ, నవాహోలకు మగ్గం నేత నేర్పింది ఆమేననీ మార్గదర్శి ముందు రోజు చెప్పారు. ఎండ మొదట కొసకు తగిలి, మెల్లగా కిందికి జారింది. నీడ సాగుతుందని నేను ఎదురు చూశాను. అది ఎటూ సాగలేదు. లోయ అడుగంతా ఇంకా చీకట్లోనే ఉంది. ఆ చీకట్లోంచి మేకల మెడ గంటలు వినిపించాయి, వెనకే ఎవరో వాటిని అదిలిస్తున్న గొంతు.