ఒక్క రిటర్న్ లేక

పదకొండున్నర దాటింది. చిన్నోడు పడుకున్నాడు, అత్తమ్మ సీరియల్ కూడా అయిపోయింది. నాకే నిద్ర రావడం లేదు. "మేడం, నేను ఒక్కసారే నొక్కిన" అన్న ఆ ఎరువుల షాపు అబ్బాయి గొంతు మధ్యాహ్నం నుంచి చెవిలోనే ఉంది. ఏడుపు ఆపుకుని మాట్లాడుతున్నాడని ఫోన్‌లోనే తెలిసిపోయింది.

ఆ షాపు సాఫ్ట్‌వేర్ చూసుకునేది నేనే. వాళ్ల స్టాకులో 31 బస్తాల తేడా. కంప్యూటర్‌లో ఉన్నాయి, గోదాములో లేవు. ఓనర్ నాతో మాట్లాడుతూనే పక్కవాళ్లతో "వాడే ఎత్తుకపోయిండు" అన్నాడు. పది రోజులుగా ఇదే గొడవట. జీతంలో పట్టుకుంటానని కూడా చెప్పేశాడట. పది రోజులు ఒక మనిషిని దొంగ అన్నాక, పదకొండో రోజు నాకు ఫోన్ చేశారు. అది కూడా తప్పు ఎక్కడుందో చూడమని కాదు, ఆ అబ్బాయి ఏ రోజు ఎన్ని వాపసులు రాశాడో లిస్టు తీసి పంపమని.

లిస్టు తీశాను. రైతు వాపసు తెచ్చిన బస్తాలు కొన్ని రోజులు రెండేసి సార్లు ఎక్కాయి. అదే బిల్లు నంబరు, అదే లాటు, మధ్యలో నిమిషం తేడా. చూడగానే నేనూ ఒక క్షణం అనుమానపడ్డాను, ఆ మాట దాచను. కానీ రెండిట్లో మొదటి వరసలో ఎవరు రాశారన్న గడి ఖాళీగా ఉంది. రెండో వరసలోనే అతని పేరుంది. ఏడు చోట్లా అంతే. దొంగతనం చేసేవాడు పేరు లేకుండా ఒకసారి, పేరుతో ఇంకోసారి ఎందుకు రాస్తాడు?

అన్నం కూడా మర్చిపోయి కోడ్ తెరిచాను. పీహెచ్‌పీ భాషలో రాసిన పాత జెండ్ ఫ్రేమ్‌వర్క్, మొదటి వెర్షన్. 2016లోనే దానికి సపోర్ట్ ఆపేశారు, దాని తర్వాతి వెర్షన్లు ఇప్పుడు లామినాస్ పేరుతో నడుస్తున్నాయి. మార్చుకోండని ఓనర్‌కి మూడుసార్లు చెప్పాను, నడుస్తుంది కదా మేడం అంటాడు. యాక్షన్ అంటే ఒక పని చేసే కోడ్ ముక్క. వాపసు యాక్షన్‌లో మొదట్లోనే ఒక చెక్ ఉంది: లాగిన్ అయి లేకపోతే లాగిన్ యాక్షన్‌కి ఫార్వర్డ్ చెయ్యి. అక్కడ రిటర్న్ లేదు, అంటే "ఇక్కడితో ఆగు" అని చెప్పే మాట.

పీహెచ్‌పీ రానివాళ్లకు చెప్తాను. రీడైరెక్ట్ అంటే సర్వర్ బ్రౌజర్‌తో "ఇక్కడ కాదు, ఆ అడ్రస్‌కి పో" అని చెప్పడం. బ్రౌజర్ మళ్లీ మొదటి నుంచి అక్కడికి పోతుంది, పోయేటప్పుడు ఫారంలో నింపిందంతా మామూలుగా చెరిగిపోతుంది. ఫార్వర్డ్ అలా కాదు. బ్రౌజర్‌కి ఏమీ తెలియదు, అడ్రస్ బార్ మారదు, నింపిన వివరాలు అలాగే ఉంటాయి. సర్వర్ లోపలే పనిని ఒక యాక్షన్ నుంచి ఇంకో యాక్షన్‌కి అప్పగిస్తుంది. ఈ జెండ్‌లో చిక్కేమిటంటే, రీడైరెక్ట్ మామూలుగా అక్కడికక్కడే పని ఆపేస్తుంది. ఫార్వర్డ్ ఆపదు. తర్వాత ఫలానా యాక్షన్‌కి పోవాలని రిక్వెస్ట్ మీద రాసి పెడుతుంది, అంతే. ఇప్పుడున్న యాక్షన్‌లో కింద మిగిలిన లైన్లన్నీ నడిచాకే అక్కడికి పోతుంది. ఆ కింద లైన్లలోనే బస్తాలు స్టాకులో కలిపే పని ఉంది. స్క్రీన్ మీద లాగిన్ పేజీ కనిపించే లోపే వెనకాల, పేరు లేకుండానే, వాపసు రాసేసింది. లాగిన్ అయ్యాక మళ్లీ రాసింది. అబ్బాయి నొక్కింది నిజంగా ఒక్కసారే.

మరి ప్రతిసారీ ఎందుకు జరగలేదు అంటే, అది సెషన్ వల్ల, అంటే ఎవరు లాగిన్ అయ్యారో సర్వర్ గుర్తుపెట్టుకునేది. పీహెచ్‌పీలో సెషన్ గడువు మామూలుగా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. గడువు దాటినా వెంటనే పోదు, పాత సెషన్లను ఊడ్చే పని జరిగినప్పుడే పోతుంది, ఆ పని ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. సీజన్‌లో కౌంటర్ దగ్గర రైతులు మూగితే సగం నింపిన ఫారం అరగంట అలాగే ఉండిపోతుంది. రద్దీ ఉన్న రోజుల్లోనే తేడా వచ్చింది. ఎక్కువ కష్టపడ్డ రోజే అతని మీద మచ్చ పడింది.

ఇది రాసినాయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సింఫొనీ అనే ఇంకో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో ఫార్వర్డ్ చేస్తే రెస్పాన్స్ తిరిగొస్తుంది, దాన్ని రిటర్న్ చేయకపోతే ఆ పేజీ కనిపించదు, కాబట్టి చెయ్యి తనంతట తనే రిటర్న్ రాస్తుంది. ఇక్కడ అలా లేదనుకో, అయితే మాత్రం లాగిన్ లేకుండా ఒక్కసారి నొక్కి చూస్తే ఏం పోయింది? ఆయన ఎక్కడ పనిచేస్తున్నాడో కనుక్కుని ఫోన్ చేద్దామా అనిపించింది.

అప్పుడు కోడ్‌లో మార్పులన్నీ దాచే గిట్‌లో ఆ లైను ఎప్పుడు మారిందో చూశాను. అంతకుముందు అక్కడ రీడైరెక్టే ఉంది. మార్చినప్పుడు రాసిన మాట: "లాగిన్ అడిగితే ఫారం పోతుందట, కౌంటర్ వాళ్లు మళ్లీ మొదటి నుంచి నింపాల్సి వస్తోంది." అందుకని ఫార్వర్డ్ పెట్టి, నింపిన వివరాలను లాగిన్ పేజీలోనే దాచి, లాగిన్ కాగానే అవే వాడేటట్టు రాశాడు. ఎవరూ అడగని పని. కౌంటర్ మనిషి తిప్పలు చూసి చేసిన పని.

దాంతో మా బాపు గుర్తొచ్చాడు. నేను తొమ్మిదో తరగతి. పత్తి వేసుకుని ట్రాక్టర్ మీద వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి పోయాం, వద్దన్నా వినకుండా నేనూ ఎక్కాను. పొద్దున్నే కాంటా అయ్యింది. దడ్వాయి తూకం రాసిచ్చిన చిట్టీని బాపు అంగీ జేబులో పెట్టుకున్నాడు. చెమటకు తడిసి అంకె అలుక్కుపోయింది. అడ్తి దుకాణంలో గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది నడవదు, మళ్లీ రాయించుకురా" అని బల్ల మీద నుంచి ఇటు తోశాడు. పోతే దడ్వాయి వేరే షెడ్డుకి పోయాడు. అక్కడికి పోతే, ఏ కుప్పనో చూపించు అన్నాడు. కుప్ప దగ్గరికి వస్తే అప్పటికే బస్తాలు ఎత్తేశారు. ఎండలో ఆ షెడ్ల మధ్య మూడుసార్లు తిరిగాం. ప్రతిచోటా ఎన్ని బస్తాలు, ఏ ఊరు, ఎవరి పేరు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. బాపు ఒక్కచోట కూడా విసుక్కోలేదు, అదే నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది. చివరికి ఇంకో ముసలి గుమస్తా లేచి వచ్చి, "నువ్వు గా చెట్టు కింద కూసో పటేలా" అని చిట్టీ తీసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి తక్‌పట్టీ, అదే అమ్మకం లెక్క చీటీ, తెచ్చి చేతిలో పెట్టాడు. ఎవరితో రాయించాడో, ఏ పుస్తకం చూశాడో మాకు తెలియదు. బాపు ఆ రోజు బజ్జీలు తినిపించాడు కానీ తను తినలేదు.

ఆ లైను రాసినాయన కూడా "నువ్వు కూసో" అన్నాడు. ఆలోచన మంచిది. అందుకే ఫార్వర్డ్ తీసేయలేదు. చెక్‌ని యాక్షన్ కంటే ముందు నడిచే ప్రీడిస్పాచ్‌లోకి మార్చాను, అక్కడ ఫార్వర్డ్ అంటే అసలు యాక్షన్ మొదలే కాదు. ఒకసారి వాపసు రాసిన దాన్ని రెండోసారి రాయకుండా ఇంకో చెక్ పెట్టాను. మిగతా కోడ్ వెతికితే ఇలాంటివే ఇంకో తొమ్మిది దొరికాయి. సాయంత్రానికి అన్నీ అయ్యాయి, 31 బస్తాల లెక్క కుదిరింది. కుదిరినప్పుడు ఒక్క నిమిషం సంతోషంగా అనిపించింది.

ఓనర్‌కి అంతా తెలుగులో వివరంగా రాసి పంపాను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది, అబ్బాయిది కాదు, ఖాళీ గడుల ఫొటోలు ఇవిగో అని. "ఓకే మేడం, థ్యాంక్స్" అని వచ్చింది. అబ్బాయికి చెప్పారా అని అడిగాను. చూశాడు, జవాబు లేదు. తొమ్మిదింటికి మళ్లీ అడిగాను. అదీ చూశాడు.

రేపు షాపు తెరవగానే ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టి ఆ అబ్బాయిని పక్కన నిలబెట్టమని అడుగుతాను.