నవ్వించడం నేర్చుకోవాలంటే గదిలో ఎనిమిదిమంది కావాలి

పాటనో డాన్సునో అద్దం ముందు సాధన చేసుకోవచ్చు. క్లౌనింగ్, అంటే ఎర్రముక్కు జోకరులా నవ్వించే విద్య, మాత్రం అలా కుదరదు. అద్దంలో ఉన్నవాడికి మన జోకు ముందే తెలుసు, పైగా వాడెప్పుడూ మన పక్షమే. పిల్లిమొగ్గలు, మూడు బంతులు ఎగరేయడం, కుర్చీ మీంచి జారిపడటం ఒంటరిగానే పట్టుబడతాయి. చేసింది తుస్సుమన్నప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ఎదురుగా మనుషులు కూర్చుంటేనే తెలుస్తుంది. క్లౌన్ విద్యలో సగానికి పైగా అదే.

జాక్ లెకాక్ 1956లో పారిస్‌లో నాటక పాఠశాల పెట్టాడు. 1960లలో అక్కడ క్లౌన్ పాఠం మొదలుపెట్టినప్పుడు విద్యార్థుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ మధ్యలోకి వచ్చి మిగతావాళ్ళని నవ్వించమన్నాడు. పల్టీలు కొట్టారు, మాటలతో ఆడారు, వెకిలి వేషాలు వేశారు. ఎవరూ నవ్వలేదు. ఇక లాభం లేదని బిక్కమొహం వేసుకుని తిరిగి కూర్చోబోతుంటే అందరూ పగలబడి నవ్వారు. ఈనాటి రంగస్థల క్లౌన్ శిక్షణలో చాలా భాగం ఆ బిక్కమొహం దగ్గరే మొదలవుతుంది. నవ్వించబోయి ఓడిపోయిన మనిషి, ఆ ఓటమిని దాచకుండా నిలబడితే చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. దాస్తే రాదు.

కాబట్టి ముందు మనుషుల్ని పోగేసుకోవాలి. ఆరుగురికి తగ్గితే నవ్వు అంటుకోదు, ఒకరు కిసుక్కుమన్నా పక్కన అందుకునేవాళ్ళు ఉండరు. పన్నెండు దాటితే వంతు వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోతుంది. ఎనిమిది మంచి లెక్క. రెండున్నర గంటలు కూర్చోగలిగితే అరగంట ఒళ్ళు వేడెక్కించడానికి, అరగంట ఆటలకి, గంట వంతులకి, మిగిలింది మాట్లాడుకోవడానికి. తలా మూడు నిమిషాల చొప్పున అందరికీ రెండేసి వంతులు వస్తాయి. మూడు నిమిషాలకి ఫోన్‌లో టైమర్ పెట్టాలి, మోగగానే ఆపాలి. బాగా వస్తోంది కదా అని ఒకరికి పొడిగిస్తే, బాగా రానివాళ్ళు తమని ముందే దించేశారని లెక్కేసుకుంటారు.

ఆటల్లో ఒక్కటే చెప్తాను. గుండ్రంగా నిలబడి మెత్తని బంతి విసురుకోవడం. నియమం ఒకటే: ముందు కళ్ళు కలవాలి, తర్వాతే బంతి వెళ్ళాలి. పది నిమిషాలయ్యాక రెండో బంతి వదలండి. అప్పటిదాకా చక్కగా సాగిన ఆట కుప్పకూలుతుంది, ఎందుకంటే కంగారులో అందరూ చూడకుండా విసరడం మొదలుపెడతారు. చిన్నపిల్లల ఆట అని దీన్ని తీసిపారేసేవాళ్ళే తర్వాత స్టేజీ మీద ఒకరి డైలాగు మీద ఇంకొకరు పడిపోతుంటారు.

ఇక అసలు అభ్యాసం, ప్రవేశం. ఒక తెర గానీ తలుపు గానీ, ఖాళీ జాగా, మధ్యలో ఒక కుర్చీ, ముక్కుకి ఎర్ర బంతి. మాటలుండవు, వస్తువులుండవు, ముందే అనుకున్న ఐటమ్ ఉండదు. లోపలికి రావాలి, కూర్చున్నవాళ్ళని చూడాలి, వాళ్ళు దేనికి నవ్వారో పట్టుకుని దాన్నే మళ్ళీ చేయాలి. వినడానికి ఇంతే.

ఒకడు లోపలికి వస్తూ తెర అంచుకి భుజం తగిలించుకున్నాడనుకోండి. ఎవరో నవ్వారు. వాడది గమనించకుండా, ఇంట్లో అనుకుని వచ్చిన కుర్చీ ఐటమ్ కోసం గబగబా నడిచాడు. నవ్వు చచ్చిపోయింది. అదే వాడు ఆగి, నవ్విన మనిషివైపు చూసి, తెరవైపు చూసి, మళ్ళీ మనిషివైపు చూసి ఉంటే రెండో నవ్వు వచ్చేది. అప్పుడు వెనక్కి వెళ్ళి ఇంకోసారి భుజం తగిలించుకోవచ్చు. మూడోసారికి తెరే పక్కకి జరిగిపోవాలి, లేదా తగలకుండా దాటి అదేదో ఘనకార్యమన్నట్టు నిలబడాలి. రెండుసార్లు ఒకేలా, మూడోసారి తేడాగా: రెండుసార్లకే మనసు ఒక లెక్క వేసుకుంటుంది, మూడోది ఆ లెక్క తప్పిస్తుంది. నాలుగోసారి ఎలాగూ అవసరముండదు.

ఏ నవ్వూ రాలేదనుకోండి, ఎక్కువసార్లు జరిగేది ఇదే. అప్పుడు చేయాల్సిన పని వరసగా ఇది: చేస్తున్నది ఆపండి, ఊపిరి బయటికి వదలండి, ఒక్కరి కళ్ళలోకి చూడండి, రెండు ఊపిరుల సేపు కదలకండి. అంతే. చాలాసార్లు నవ్వు ఇక్కడే పడుతుంది. చెడగొట్టేవి కూడా దాదాపు ఎప్పుడూ అవే ఉంటాయి. వేగం పెంచేయడం, నేల చూపులు చూడటం, అన్నిటికన్నా ఎక్కువగా ఓ ఇకిలింపు. ఆ ఇకిలింపు ‘నాకూ తెలుసులెండి ఇది బాలేదని’ అంటుంది. అంటే ఓడిపోయింది తాను కాదు, వేరే ఎవరో అన్నమాట. చూసేవాళ్ళకి ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

కూర్చున్నవాళ్ళ పని కూడా పనే. జాలికి నవ్వకూడదు. స్నేహితుడు చెమటలు కక్కుతుంటే ఓ చిన్న నవ్వు పారేద్దామనిపిస్తుంది, కానీ ఆ అబద్ధపు నవ్వు వాడికి దొంగ లెక్క చూపిస్తుంది, పది వంతుల తర్వాత కూడా పనికిరాని చోటే తవ్వుతుంటాడు. అలాగని బిగపట్టి కూర్చోవడమూ తప్పే. వస్తే వదలండి, రాకపోతే ఊరుకోండి. లెకాక్ దగ్గర చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1980లో సొంత పాఠశాల పెట్టుకున్న ఫిలిప్ గోలియే, విద్యార్థి బోర్ కొట్టించగానే డప్పు మీద ఒక్క దెబ్బ వేసి దించేయడానికి, మొహం మీదే తిట్టిపోయడానికి పేరుపడ్డాడు. డప్పు తెచ్చుకోండి, తిట్లు వద్దు. తిట్టు పనిచేయాలంటే తిట్టేవాడి మీద అపారమైన నమ్మకం ఉండాలి. తోటివాళ్ళ మధ్య అది పగగానే మిగులుతుంది.

ముక్కు గురించి రెండు ముక్కలు. ఎర్రముక్కుని ప్రపంచంలోకెల్లా అతిచిన్న మాస్క్ అంటారు, మాస్క్ మర్యాదలన్నీ దానికీ వర్తిస్తాయి. పెట్టుకునేటప్పుడు, తీసేటప్పుడు వీపు తిప్పాలి. పెట్టుకున్నాక చేత్తో సర్దుకోకూడదు. సర్దుకోవాల్సి వస్తోందంటే ఎలాస్టిక్ వదులైందని. లేటెక్స్ పడనివాళ్ళు ఉంటారు, కొనేముందు అడగండి. ఒకరిది ఒకరు వాడొద్దు. మొహానికి రంగులు, పెద్ద బూట్లు, విగ్గులు మొదటి కొన్ని నెలలు పెట్టెలోనే ఉండనివ్వండి.

చూపు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నవ్వు రాని ఐటమ్‌లలో సగం చూపు దగ్గరే పోతాయి. క్లౌన్ ఏదైనా చూస్తే, ఆ చూసిందాన్ని ప్రేక్షకులకి పంచాలి. వరస: వస్తువుని చూడు, ప్రేక్షకుల్ని చూడు, మళ్ళీ వస్తువుని చూడు, అప్పుడు చెయ్యి. ముక్కే చూస్తోందన్నట్టు ముందు తల తిరగాలి, ఒళ్ళు తర్వాత. ప్రేక్షకులవైపు చూపు ఒక సెకను నిలవాలి. కొత్తవాళ్ళు దొంగచూపు చూసి తిప్పేసుకుంటారు, వెనక వరసకి అది కనపడదు.

డబుల్ టేక్, అంటే చూసి పట్టించుకోనట్టు తల తిప్పేసుకుని, ఆలస్యంగా తెలిసి చటుక్కున మళ్ళీ చూడటం, ఇంకా కచ్చితమైన పని. ఒకటి: వస్తువు మీదుగా చూపు మామూలుగా వెళ్ళిపోవాలి. రెండు: తల తిరిగి ముందుకు రావాలి. మూడు: ఏమీ జరగనట్టు ఆగాలి. నాలుగు: తల చటుక్కున వెనక్కి. పక్కనున్నవాళ్ళు చప్పట్లతో లెక్క పెడుతుంటే నేర్చుకోవడం తేలిక. పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకటో అంకె దగ్గర. నాలుగులో రావాల్సిన ఆశ్చర్యం మొదటి చూపులోనే మొహం మీదికి వచ్చేస్తుంది. ఇంకో తప్పు, మూడో అంకెని మింగేయడం. ఆ ఖాళీలోనే ప్రేక్షకుడు ‘వీడు చూశాడా, చూళ్ళేదా’ అనుకుంటాడు. ఆ అనుమానానికి చోటివ్వకపోతే తల తిప్పడమే మిగులుతుంది.

ఇద్దరు కలిసి చేసేటప్పుడు ఒకరు కదిలితే ఇంకొకరు నిలవాలి. ఇద్దరూ కదిలితే ప్రేక్షకుడి కళ్ళు రెండుగా చీలి, ఏదీ పూర్తిగా చూడవు. ఇది చెప్పినంత తేలిక్కాదు. జోడీకి నవ్వు పడుతుంటే మనకీ చేతులు దురదపెడతాయి, చొక్కా సర్దుకుంటాం, ఓ చిన్న మొహం పెడతాం. దాన్ని నవ్వు దొంగతనం అనే అనాలి. సర్కస్ సంప్రదాయంలో తెల్లమొహం క్లౌన్, ఆగస్ట్ అని రెండు పాత్రలు. తెల్లమొహంవాడు పెద్దరికం, పద్ధతి, ఆజ్ఞ. ఆగస్ట్ చెప్పింది చేయబోయి తలకిందులు చేసేవాడు. మూడో మనిషి వస్తే ఆజ్ఞ పైనుంచి కిందికి, తిట్టు కూడా పైనుంచి కిందికి దిగుతుంది; చివరివాడికి తిట్టడానికి ఎవరూ ఉండరు, వాడు కుర్చీని తిడతాడు. కొత్తవాళ్ళందరికీ ఆగస్టే కావాలి. కానీ పెద్దరికం గట్టిగా లేకపోతే పడగొట్టడానికి ఏముంటుంది? అందుకే వంతులవారీగా పాత్రలు మార్చుకోండి.

చెంపదెబ్బ నేర్చుకోకుండా ఎవరూ ఊరుకోరు కాబట్టి సరిగ్గా నేర్చుకోవాలి. కొట్టేవాడి చెయ్యి మొహానికి కనీసం మూరెడు దూరంలోంచి వెళ్ళాలి. ఇద్దరూ ఎదురెదురుగా, ఒకరి వీపు ప్రేక్షకులకి ఉండేలా నిలబడితే ఆ దూరం కనపడదు. ముందు కళ్ళు కలవాలి, దెబ్బ తినేవాడు సిద్ధమని కళ్ళతో చెప్పాకే చెయ్యి లేవాలి. చప్పుడు తిన్నవాడే చేస్తాడు: ఛాతీ దగ్గర రెండు అరచేతులూ ఒక్కసారి చరిచి, అదే ఊపులో ఒక చెయ్యి చెంప మీదికి పోతుంది. ఆ చేతులు దాగాలి కాబట్టి వీపు ప్రేక్షకులవైపు ఉండాల్సింది అతనిదే. చెయ్యి దాటడం, చప్పుడు, తల తిరగడం మూడూ ఒకే క్షణంలో పడాలి. చప్పుడుకన్నా ముందు తల తిరిగితే అబద్ధం బయటపడుతుంది. పావు వేగంతో పదిసార్లు తప్పు లేకుండా వచ్చాకే వేగం పెంచండి. నిజంగా కొట్టుకుందాం, మెల్లగానే కదా అనేవాళ్ళు ఉంటారు, ఒప్పుకోవద్దు. అరచెయ్యి చెవి మీద మూసుకుపడితే కర్ణభేరి చిల్లుపడొచ్చు.

జుట్టు పట్టి లాగడంలో లాగేవాడు ఉత్త పిడికిలి తల మీద ఆనిస్తాడంతే. పట్టుబడ్డవాడు రెండు చేతులతో అతని మణికట్టుని తలకేసి అదుముకుని తనే నడుస్తాడు. బాధితుడే బండి నడపాలన్నది ఈ పనులన్నిటికీ సూత్రం. తూలిపడటానికి వెనక కాలి వేళ్ళని ముందు కాలి మడమకి తగిలించాలి. నిజంగా తట్టుకున్నప్పుడు జరిగేదే ఇది, కాకపోతే ఎప్పుడు తగలాలో మనకి తెలుసు. వెనక్కి పడేటప్పుడు మోకాళ్ళు మడిచి కిందికి దిగుతూ పిక్క, తొడ పక్క, పిరుదు, వీపు వరసలో నేలకి తాకాలి, గడ్డం ఛాతీకి ఆని ఉండాలి. వెనక చెయ్యి ఊనడం అందరికీ వచ్చే మొదటి తప్పు, మణికట్టు విరిగేది అలాగే. చప్పుడు కావాలంటే వీపు నేలకి ఆనాక పక్కన అరచేత్తో నేలని చరచండి. మొదట్లో పరుపు వేసుకోవాలి. ఎవరైనా ‘ఆపు’ అంటే అది పాత్ర మాట కాదు, అందరూ ఆగాల్సిందే.

మాటలతో నవ్వించేవాళ్ళకి వేరే తలనొప్పి ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, పేలాల్సిన మాటేమో మధ్యలో ఉంటుంది. ‘పెళ్ళికొడుకు జేబులోంచి విడాకుల కాగితాలు బయటికి తీశాడు’ అన్నప్పుడు కాగితాల దగ్గర నవ్వు లేవబోతుంటే ‘బయటికి తీశాడు’ దాని నెత్తిన పడుతుంది. ‘పెళ్ళికొడుకు జేబులోంచి తీసినవి... విడాకుల కాగితాలు’ అంటే పేలే మాట చివరికి వచ్చి, తర్వాత ఖాళీ దొరుకుతుంది. తర్వాతి మాట ఎప్పుడు ఎత్తుకోవాలి? నవ్వు శిఖరంలో ఉండగా మాట్లాడితే వినపడదు, పూర్తిగా చల్లారేదాకా ఆగితే మళ్ళీ మొదటినుంచి ఎక్కాలి. తగ్గడం మొదలై ఇంకా కొంచెం మిగిలుండగా అందుకోవాలి. ఇది చెవి పని; వింటూ మాట్లాడటం అలవాటు కావాలి.

వంతు అయ్యాక మాట్లాడుకునేటప్పుడు సలహాలు నిషేధించండి. ‘అక్కడ నువ్వు పడిపోయి ఉంటే బాగుండేది’ అన్నది సలహా. వాడు వచ్చేవారం పడతాడు, కానీ అది నీ ఆలోచన కాబట్టి వాడి ఒంటి మీద నిలవదు. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ శ్రద్ధ పోయింది, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు: ఇవి చాలు. వంతుకొకరు నోటుపుస్తకం పట్టుకుని నిమిషం, సెకను వేసి చిన్న నవ్వు, పెద్ద నవ్వు, నిశ్శబ్దం అని రాసుకోవాలి. చేసినవాడు ఆ పుస్తకం చూడకముందే తన అంచనా చెప్పాలి. రెండూ కలవవు, కొత్తలో అస్సలు కలవవు. వీడియో కూడా తీయండి, కెమెరా కదలకుండా. ఒకసారి శబ్దం తీసేసి బొమ్మ మాత్రం చూడండి, ఇంకోసారి బొమ్మ చూడకుండా నవ్వులు మాత్రం వినండి.

కొన్నాళ్ళకి ఒక చిక్కు వస్తుంది. సహచరులు ఐటమ్‌కి కాక మనిషికి నవ్వుతుంటారు, లేదా పదోసారి చూస్తున్నారు గనక అసలు నవ్వరు. రెండోది ఎక్కువ ప్రమాదం. గదిలో నవ్వు తగ్గగానే చేసేవాడు కంగారుపడి అతి మొదలుపెడతాడు, పనిచేస్తున్నదాన్ని చేజేతులా పాడుచేసుకుంటాడు. నవ్వు బాగా పడిన రోజు వీడియోని ప్రమాణంగా పెట్టుకుని, గదిలో ఎవరూ నవ్వకపోయినా దాన్ని మార్చకండి. అప్పుడు బయటివాళ్ళని ముగ్గురు నలుగురిని పిలవండి, మీ ఎనిమిదిమందిలో ఎవరికీ దగ్గరివాళ్ళు కానివాళ్ళని. వాళ్ళ ముందు చేసినప్పటి నోటుపుస్తకాన్ని పాతదాని పక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా నవ్వు పడినవి ఉంచండి, మీవాళ్ళు మాత్రమే నవ్వినవి తీసేయండి. బయటివాళ్ళు మాత్రమే నవ్విన చోట్లు మాత్రం వీడియోలో మళ్ళీ వేసి సహచరులందరితో కలిసి చూడండి. రోజూ చూసి చూసి మీవాళ్ళు గమనించడం మానేసినవి అక్కడే ఉంటాయి.