ఎముక అతుక్కుంటుంది, లిగమెంటు ఎందుకు అతుక్కోదు?

మణికట్టు దగ్గర ఎముక విరిగితే కట్టు వేసిన ఆరు వారాలకు చాలామందిలో అతుక్కుంటుంది. మోకాలి లోపల ఎముకను ఎముకతో కట్టిపట్టే ఏసీఎల్ లిగమెంటు పూర్తిగా తెగితే, ఆరు నెలలు మంచం దిగకపోయినా దానంతట అది గట్టిగా అతుక్కోవడం అరుదు. బుగ్గ లోపల పొరపాటున కొరుక్కుంటే నాలుగైదు రోజుల్లో మానిపోతుంది. మణికట్టు దగ్గర నరం తెగితే వేలి కొనలో తిమ్మిరి నెలల తరబడి ఉంటుంది. మనిషి ఒకడే, తినే తిండీ ఒకటే. తేడా అంతా దెబ్బ తగిలిన కణజాలంలో ఉంది.

ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు అని బడిలో నాలుగు పేర్లు బట్టీ పడతాం. పరీక్షకు అది చాలు. గాయం సంగతి తేలాలంటే మాత్రం ఒక్కోదాని గురించి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: దీని కణాలు మళ్లీ విభజన చెందగలవా? దీనికి రక్తం ఎటు నుంచి వస్తుంది?

ఉపకళ కప్పే పొర. చర్మం పైన, పేగు లోపల, శ్వాసనాళం గోడ మీద ఉండేది ఇదే. చేసే పనిని బట్టి దాని ఆకారం మారుతుంది. ఊపిరితిత్తుల గాలిగదుల్లో వాయువులు అటూ ఇటూ దాటాలి కాబట్టి ఒకే వరుస పలుచని కణాలు. పేగులో ఆహారాన్ని పీల్చుకోవాలి కాబట్టి స్తంభాల్లాంటి కణాలు, వాటి పైన సన్నని నూగు. చర్మం రాపిడికి ఓర్చుకోవాలి కాబట్టి వరుస మీద వరుస. పైవన్నీ చచ్చి కెరాటిన్‌తో (గోళ్లలో ఉండే గట్టి ప్రోటీన్) నిండిన పొలుసులే. ఎక్కడ ఉన్నా ఉపకళలో రక్తనాళాలు ఉండవు, కింది సంయోజక కణజాలం నుంచి పోషణ పైకి ఊరాల్సిందే. అయినా త్వరగా మానుతుంది, ఎందుకంటే అడుగు వరుస కణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి. పేగు లోపలి పొర 3 నుంచి 5 రోజుల్లో, చర్మం పైపొర నెల, నెలన్నరలో పూర్తిగా మారిపోతాయి. కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలనే దెబ్బతీస్తాయి. అందుకే ముందుగా నోటిపూత, విరేచనాలు, జుట్టు రాలడం కనిపిస్తాయి.

ఉపకళ కింద ఆధారత్వచం అనే పలుచని పొర ఉంటుంది. గీరుకున్న దెబ్బ దాని పైనే ఆగితే మచ్చ మిగలదు. కిందికి దిగి అంతశ్చర్మం, అంటే చర్మం లోపలి పొర, తెగితే ఆ ఖాళీని శరీరం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులతో పూడ్చాలి, అదే మచ్చ. కాలిన గాయాల లెక్కా ఇదే. అంతశ్చర్మం పైభాగం వరకే కాలితే, వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన ఉపకళ కణాలు పైకి పాకి రెండు మూడు వారాల్లో కప్పేస్తాయి. కుదుళ్లు కూడా కాలిపోతే మధ్యలో కొత్త చర్మం పుట్టడానికి విత్తనమే ఉండదు. పెద్ద గాయమైతే వేరేచోటి చర్మం తెచ్చి అతకాలి. కాలగానే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టడం లోతును తగ్గిస్తుంది. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూస్తే లోతు ఎంతో డాక్టరుకు కనబడకుండా పోతుంది, అంతే.

కంట్లో సున్నం పడటం ఇంకా దారుణం. తాంబూలం సున్నం ప్యాకెట్టు నొక్కి ఆడుకునే పిల్లల్లో ఇది చూస్తాం. క్షారం కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మారుస్తూ లోపలికి దిగుతుంది. కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) పైభాగానికి కొత్త కణాలు అందించే మూలకణాలు నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో ఉంటాయి. ఆ అంచు మాడిపోతే తెల్లగుడ్డు వైపు పొర, రక్తనాళాలతో సహా, కార్నియా మీదికి పాకుతుంది, చూపు మసకబారుతుంది. అప్పుడు కేవలం కార్నియా మార్పిడి చేసినా నిలవదు. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రూపొంది 2012లో ప్రచురితమైన స్లెట్ పద్ధతిలో రెండో కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కార్నియా మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీద ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. అవి అక్కడే పెరిగి కార్నియాను కప్పుతాయి. రెండో కన్ను బాగుంటేనే ఇది సాధ్యం. సున్నం పడిన క్షణమే కనీసం అరగంట నీళ్లు పోస్తూ కడగాలి, కనబడే రేణువులు తడి దూదితో తీసేయాలి. ఆసుపత్రికి పరుగు ఆ తరవాత.

ఇక సంయోజక కణజాలం. ఇక్కడ కణాలు తక్కువ, వాటి మధ్య నిండి ఉండే పదార్థం, అంటే మాతృక, ఎక్కువ. రక్తం, కొవ్వు, ఎముక, మృదులాస్థి (కీళ్లలో ఎముక కొసలను కప్పే నున్నని పొర లాంటిది), కండరాన్ని ఎముకకు కట్టే టెండాన్లు, లిగమెంట్లు అన్నీ ఈ కుటుంబమే. ఎముక రాయిలా కనిపించినా లోపలంతా రక్తనాళాలే. విరిగినచోట రక్తం గడ్డకడుతుంది, రెండు మూడు వారాల్లో మెత్తని అతుకు, ఆపైన గట్టి అతుకు ఏర్పడతాయి. పుత్తూరు కట్టైనా, ప్లాస్టరైనా చేసే పని ఎముకను కదలకుండా పట్టుకోవడమే, అతికేది రక్తం. కాబట్టి రక్తం సరిగా అందని ఎముక మొండికేస్తుంది. బొటనవేలి మొదట్లో ఉండే స్కఫాయిడ్ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. ఆ ఎముక నడిమి భాగంలో విరిగితే ముంజేయి వైపు ముక్క రక్తం అందక ఎండిపోవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో పగులు కనబడకపోవడం మామూలే. బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి ఉంటే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి. పొగతాగే అలవాటు ఏ ఎముక అతుకునైనా ఆలస్యం చేస్తుంది.

లిగమెంట్లలో ఇద్దరు అన్నదమ్ములను చూడండి. మోకాలికి రెండో కాలి వైపు పక్కన ఉండే ఎంసీఎల్, కీలు బయట ఉంటుంది, దాని చుట్టూ రక్తం గడ్డకట్టి చాలావరకు మానుతుంది. ఏసీఎల్ కీలు మధ్యలో కీలుద్రవంలో ఉంటుంది. గడ్డ నిలవకుండా కరిగిపోతుంది, తెగిన కొసల మధ్య వంతెన కట్టే ఆధారమే ఉండదు. అందుకే వేరేచోటి టెండాన్ తెచ్చి పెడతారు. మృదులాస్థికైతే రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. నడిచినప్పుడు నొక్కుడు పడి వదిలినప్పుడే ద్రవం లోపలికి, బయటికి కదిలి పోషణ అందుతుంది. నరాలు లేవు కాబట్టి అరుగుదల మొదట్లో నొప్పి తెలియదు. నొప్పి మొదలయ్యేసరికి కింది ఎముక, చుట్టూ ఉన్న పొరలు కూడా దెబ్బతిని ఉంటాయి.

కుట్లు తీశాక గాయం మానిపోయిందని బరువులెత్తేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: వారం గడిచేసరికి కుట్టు చోట బలం మామూలు చర్మం బలంలో పదో వంతు, మూడు నెలలకు 70–80 శాతం. పూర్తి బలం ఎప్పటికీ రాదు.

కండరాల్లో అస్థిపంజర కండరం కొంత బాగుచేసుకుంటుంది, గుండె కండరం దాదాపు చేసుకోలేదు. రక్తం ఆగిన 20–30 నిమిషాలకే గుండె కణాలు చావడం మొదలై ఆ చోట మచ్చ మిగులుతుంది. చేతి కండరానికి గడువు ఆరు గంటలు. ఏ కట్టైనా మరీ బిగిస్తే ఇదే ముప్పు: వేళ్లు చల్లబడి, తిమ్మిరెక్కి, వాటిని చాచితే నొప్పి భరించలేకపోతే రాత్రయినా సరే కట్టు విప్పించాలి.

నాడీ కణాలు విభజన చెందవు. మెదడులో చచ్చినవి దాదాపు తిరిగి రావు. చేతి నరంలో మాత్రం కణం బతికే ఉంటుంది, దాని తీగ తెగుతుంది. కొసలు కలిపి కుడితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేయి దగ్గర తెగితే అరచేతిలోని చిన్న కండరాల వరకు దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే పది నెలలు. ఏడాది, ఏడాదిన్నర దాటినా నరం అందని కండరం పనికిరాకుండా పోతుంది కాబట్టి ఆలస్యం ఖరీదైనది. మణికట్టుకు గాజు కోసుకున్నప్పుడు చర్మం కుట్టించుకునే ముందే చూపుడు వేలి కొనలో, చిటికెన వేలి కొనలో దూదితో తాకి చూడమనండి, బొటనవేలు చిటికెన వేలిని అందుకుంటోందో గమనించమనండి. మత్తు ఇంజెక్షన్ పడ్డాక ఆ పరీక్షకు అర్థం ఉండదు.