టేపు కనపడలేదు

ఇవాళ పొద్దున టేపు కనపడలేదు. సొరుగులో కళ్ళజోడు పెట్టె పక్కన నేను చుట్ట చుట్టి పెట్టిన చోట లేదు. పళ్ళు తోముకోక ముందే రెండు ముంజేతులూ కొలుచుకోవడం ఎనిమిది నెలలుగా అలవాటైపోయింది. మోచేతి ఎముక కొన నుంచి పది సెంటీమీటర్లు కిందికి పెన్నుతో చుక్క పెట్టి, అక్కడ చుట్టూ కొలవడం. మొన్నటికి కుడి చెయ్యి 26, ఎడమ చెయ్యి 24.5. టేపు కాస్త బిగిస్తే అర సెంటీమీటరు తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ కొలుస్తాను.

టేపు లేకపోతే ఏం, కళ్ళున్నాయి కదా. ట్యూబులైటు కింద నిలబడి బొటనవేలిని చూపుడువేలికి గట్టిగా నొక్కి పట్టాను. అలా నొక్కినప్పుడు ఆ రెండు వేళ్ళ మధ్య, చేతి వెనకవైపు, గోలీకాయంత కండ పైకి లేవాలి. కుడి చేతికి లేస్తుంది. ఎడమ చేతికి అక్కడ గుంట. లైటు పక్కనుంచి పడితే ఆ గుంటలో నీడ కూడా నిలుస్తుంది. నిన్నటికంటే లోతుగా ఉందా? నిన్న ఎలా ఉందో గుర్తుంటేగా! ఫోనులో ఫొటోలున్నాయి, నూట పదహారో ఎన్నో. ఒక్కోటి ఒక్కో వెలుతురులో తీసింది. వాటిని పక్కపక్కన పెట్టుకుని చూసీ చూసీ ఆఫీసుకు పావుగంట ఆలస్యమయ్యాను.

ఆఫీసులో పని మామూలే. టైపు చేయడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చిన్న చిన్న వాటితోనే. బట్టల క్లిప్పు నొక్కడం, ఇరుకు కాజాలో గుండీ దూర్చడం, నెయిల్ కట్టరు. ముఖ్యంగా నెయిల్ కట్టరు. కుడిచేతి గోళ్ళు కోసుకోవాలంటే ఎడమ చెయ్యే కదా నొక్కాలి. మూడు గోళ్ళయ్యేసరికి బొటనవేలు పక్కకు జారిపోతుంది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చెప్పిన పని వేలు చేయదు, అంతే.

నొప్పీ తిమ్మిరీ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయినా ఇదే కండ కరుగుతుంది, కానీ అప్పుడు మామూలుగా చిటికెన వేలు కూడా మొద్దుబారుతుంది. నాకు అది లేదు. కండల్ని ఆడించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బైన ఏఎల్ఎస్‌లో చాలామందికి బొటనవేలి వైపు కండలు ముందు తగ్గి, చిటికెన వేలి వైపువి కాస్త నిలుస్తాయని చదివాను. ఆ రాత్రి నుంచి చిటికెన వేలి వైపు అరచేతిని కూడా తడుముకోవడం మొదలైంది.

పరీక్షలన్నీ అయ్యాయి. థైరాయిడ్, బి12, కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే, అన్నీ బాగానే ఉన్నాయి. మెడ ఎమ్మారైలో ఈ వయసుకు ఉండే అరుగుదల తప్ప ఏమీ లేదు. న్యూరాలజిస్టు సుత్తితో మోకాళ్ళు కొట్టి చూశారు, నాలుక చూశారు, అరికాలు గీసి బొటనవేలు ఎటు కదులుతుందో చూశారు. తర్వాత ఈఎమ్‌జీ. కండలో సన్నటి సూది గుచ్చి, అది పలికే శబ్దం వింటారు. కదలకుండా ఉంచితే కండ మౌనంగా ఉండాలట. బిగించమన్నప్పుడు రేకుల మీద వాన పడ్డట్టు మోగింది. కదలని కండ ఎక్కడ చప్పుడు చేస్తుందోనని ఊపిరి బిగబట్టి విన్నాను. ఊపిరి బిగబడితే ఒళ్ళంతా బిగుసుకుంటుందని ఆయన విసుక్కున్నారు. చివరికి తేలిందేమిటంటే, ఎడమ చేతిలో రెండు చిన్న కండల్లో పాత మార్పులు, ఇంకెక్కడా ఏమీ లేదు. "ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం" అన్నారు. ఇంకా పందొమ్మిది రోజులుంది.

అవునో కాదో ఒక్క రక్తపరీక్షతో తేల్చే వీలుంటే ఎంత బాగుండేది! ఇది మిగతావన్నీ ఒక్కొక్కటిగా కాదని తీసేసుకుంటూ, బలహీనత ఇంకోచోటికి పాకుతోందా అని చూస్తూ పోవాల్సిన జబ్బు. అంటే ఈ ఎదురుచూపే అసలు పరీక్ష. ఆ గదిలో సూదులు గుచ్చింది అరగంట. మిగతా పరీక్ష అంతా నా ఇంట్లో, నా వంటి మీదే జరుగుతోంది.

మధ్యాహ్నం మీటింగులో కుడి పిక్క అదరడం మొదలెట్టింది. ప్యాంటు లోపల పురుగు పాకినట్టు. అక్కడ ఏం మాట్లాడారో ఒక్క ముక్క ఎక్కలేదు. అలాంటి అదురు ఎంతో మందికి వస్తుందనీ, నిద్ర చాలకపోయినా టెన్షన్ పడినా ఎక్కువవుతుందనీ, తను చూసేది అదురును కాదు బలాన్ననీ డాక్టరు చెప్పారు. అందుకని మీటింగు అవగానే మెట్ల దగ్గరికెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, ఒంటికాలి మునివేళ్ళ మీద ఇరవైసార్లు లేచాను. కుడి కాలు ఇరవై, ఎడమ కాలు ఇరవై. బలం బాగానే ఉంది. ఐదింటికల్లా రెండు పిక్కలూ పట్టేశాయి. ఆ నొప్పి మళ్ళీ కొత్త అనుమానం.

విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురూ నాకు శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరు చెబుతారు. 1963లో ఇదే ఏఎల్ఎస్ బయటపడితే 2018 దాకా బతికాడు చూడు అని. ఓదార్పే, కాదనను. కానీ నాకా జబ్బు ఉందని వాళ్ళు అప్పుడే ఖాయం చేసేసుకున్నారన్న మాటేగా అది!

అన్నిటికంటే సిగ్గేసే సంగతి ఒకటుంది. హిరయామా అనే జపాన్ డాక్టరు 1959లో ఒక జబ్బును గురించి రాశాడు. ఒక చేతి కండలు కరుగుతాయి, కొన్నేళ్ళకు దానంతటదే ఆగిపోతుంది. ఎక్కువగా ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళకు వస్తుంది. నాకు నలభై మూడు. ఆ జబ్బు వచ్చే వయసు దాటిపోయానే అని ఒక రాత్రంతా బాధపడ్డాను.

ఇంటికి రాగానే మా ఆవిణ్ణి అడిగాను. "సొరుగులో టేపు తీశావా?"

"నేను తీయలేదండీ. తీస్తే తిరిగి ఇచ్చేదాన్నీ కాదు" అంది.

టేపు మా అమ్మాయి దగ్గరుంది. బల్ల, తలుపు, మంచం అన్నీ కొలిచి నోటుబుక్కులో రాసుకోవాలట. అవి అయిపోయాక మనుషుల మీద పడింది. అమ్మ కుడి చెయ్యి 23, ఎడమ చెయ్యి 22. తనవి కూడా కొలుచుకుని, "నాన్నా, నాకూ రెండు చేతులూ సమానంగా లేవు!" అని తెగ సంబరపడిపోయింది. కుడిచేతి వాటం వాళ్ళకు ఆ చెయ్యి కాస్త లావుంటుందని నేనే వివరించాను. ఎంత స్పష్టంగా చెప్పానంటే, మా ఆవిడ వంటింట్లోంచి తల బయటికి పెట్టి నావైపు చూసింది.

"నీవి కొలవనా?"

చొక్కా చేతులు పైకి మడిచాను. కుడి చేతికి సరైన చోటే పెట్టింది. ఎడమ చేతికి టేపును రెండు వేళ్ళు పైకి చుట్టింది, మోచేతికి దగ్గరగా, లావుండే చోట. వదులుగా కూడా.

"ఇరవై ఆరు, ఇరవై ఐదున్నర" అంది.

కాదమ్మా, కిందికి పెట్టాలి అని నోటిదాకా వచ్చింది. తను అప్పటికే రాసేసుకుంది, నాన్న అని పైన పెట్టి, కింద స్కేలుతో గీత కొట్టి.